కందకం అవతల బోణీ

సూర్యాపేట పాత బస్టాండు ముందు నాకొక దుకాణం ఉండేది. దారాల దుకాణం అని పేరు గానీ, దారం రీళ్లతో పాటు గుండీలు, హుక్కులు, చీర ఫాల్సులు, లంగా నాడాలు, రిబ్బన్లు, పిన్నీసులు, ఆడవాళ్లకు అప్పటికప్పుడు అవసరం పడేవన్నీ అమ్మేదాన్ని. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. ఆ వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, నేను. పిల్లలు లేరు. మా ఆయన పోయాక కోదాడలో ఉండే మా తమ్ముడు వచ్చి దుకాణం అమ్మేద్దామన్నాడు. నేను అమ్మనన్నాను. నాకు నోరు ఎక్కువని మా వాళ్లలో ఎప్పటి నుంచో పేరు, ఆ పేరు అప్పుడు పనికొచ్చింది.

ఆ రోజుల్లో మొగుడు పోయిన ఆడది పొద్దున్నే ఎదురుపడితే జనం మొహం తిప్పుకునేవారు. మా గల్లీలో పని మీద బయల్దేరిన పెద్దమనిషి నన్ను చూసి ఆగిపోయి, వెనక్కి వెళ్లి, అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాడు. నా కళ్ల ముందే! చాటున చేసినా బాగుండేది. ఒకాయన్ని నేను అడిగేశాను కూడా, "నీళ్లు సల్లగున్నయా బాపూ?" అని. ఆయన ఆ తర్వాత నా వైపు రావడమే మానేసి ఇంకో దారి పట్టాడు. నేను కూడా పొద్దెక్కేదాకా గడప దాటడం మానుకున్నాను. నోరు ఎంత ఉన్నా రోజూ అదే చూడాలంటే ఎవరికైనా కష్టమే.

బస్సు దిగినవాళ్లతో ఈ గొడవ ఉండేది కాదు. నా దుకాణంలో అమ్మే స్టిక్కర్ బొట్లలో అన్నిటికంటే చిన్నది ఒకటి నుదుట పెట్టుకునేదాన్ని. గల్లీవాళ్లు దాని మీద ఏమేమో అనుకున్నారు, అనుకుంటే అనుకోనీ. చివ్వెంల నుంచో నిడమనూరు నుంచో వచ్చినవాళ్లకు నేను దుకాణం అక్కను, అంతే. "అక్కా, జర ఈ సంచి సూడు, గిప్పుడొస్త" అని సంచి లోపల పెట్టి దవాఖానకో బజారుకో పోయేవారు. తిరిగి వచ్చి బస్సు దొరికేదాకా నా బెంచీ మీద కూర్చుని కూతురి కాన్పు గురించి, బర్రె పాల గురించి, అత్త సణుగుడు గురించి చెప్పేవారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, నా సంగతి వాళ్లకు తెలియదు. రోజంతా ఎవరో ఒకరు నాతో మాట్లాడుతూనే ఉండేవారు. నేను బతికింది గల్లాలో పడ్డ చిల్లరతో కాదు, ఆ మాటలతో.

నాకెదురుగా, బస్సులు ఆగే జాగాకు అవతలి పక్కన, చాయ్ హోటలు. హోటలాయన నాకంటే బాగా పెద్ద, నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మనిషి మంచివాడే, కాకపోతే పట్టింపుల పుట్ట. తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి, మొదటి చాయ్ రోడ్డు మీద పారబోసి, ఆ తర్వాత బోణీ కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాడు. మొదట పైసలిచ్చిన చెయ్యి మంచిదైతే ఆ రోజంతా హోటలు కిటకిటలాడుతుందని ఆయన నమ్మకం. చెయ్యి మంచిది కాదనుకున్నవాడు ముందుగా వస్తే, "ఇంక పాలు కాగలే, జర తిరిగి రా" అని పంపించేసేవాడు. పాలు అవతల పొంగిపోతూ ఉండేవి.

నాకేమో లేవగానే గొంతులో చాయ్ పడాలి. ఒక్కదాని కోసం పాలు తెచ్చి కాచుకోవడమంటే ఒళ్లు బరువయ్యేది. అలాగని ఆ వేళప్పుడు నేను హోటలుకు వెళితే ఆయన గుండె ఆగిపోతుంది. తలుపు ఓరగా తెరుచుకుని, అటునుంచి వచ్చే వాసన పీలుస్తూ నిలబడేదాన్ని. కోదాడ వెళ్లే మొదటి బస్సు సరిగ్గా నా దుకాణం ముందే ఆగేది. దాని కండక్టరు చిలుకూరు అతను, అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరినవాడు. ఒకరోజు నన్ను చూసి, "ఏంటక్కా, టీ కావాలా? ఇలా ఇవ్వండి, నేను తెచ్చిపెడతా" అన్నాడు. నా స్టీలు గ్లాసు, చాయ్‌కి సరిపడా పైసల బిళ్ల అతని చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి అదే అలవాటైపోయింది.

ఇక్కడ బస్సువాళ్లకు హోటళ్లలో ఉండే మర్యాద ఒకటి తెలియాలి. డ్రైవరు, కండక్టరు బస్సు ఆపితే జనం దిగుతారు, జనం దిగితే గిరాకీ. అందుకని వాళ్లిద్దరికీ చాయ్ ఊరికే పోసేవారు, పైసలు అడగడమే తప్పు. కండక్టరు తన వంతు చాయ్ అక్కడే నిలబడి తాగేవాడు. నా గ్లాసులో పోయించుకున్నది డ్రైవరుకు అని హోటలాయన అనుకున్నాడు. ఇక కండక్టరు ఇచ్చిన బిళ్ల నాది అని ఆయనకు ఎలా తెలుస్తుంది? బస్సువాడై ఉండి కూడా, వద్దన్నా వినకుండా, పొద్దున్నే బోణీ చేసిపోయే ధర్మాత్ముడు దొరికాడని మురిసిపోయాడు. ఆ బిళ్లను రెండు కళ్లకూ అద్దుకుని, దేవుడి పటానికి చూపించి, గల్లాలో వేసేవాడు.

నేను తలుపు సందులోంచి అంతా చూసేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు తలుపు మూసేసుకున్నాను. నాలుగు రోజులు పోయాక నవ్వొచ్చింది. హోటలు రోజురోజుకూ పెరిగింది. కొత్త బల్లలు వేయించాడు, పూరీలు మొదలుపెట్టాడు. "ఆ కండక్టర్ చెయ్యి బంగారం" అని అందరికీ చెప్పుకునేవాడు. నాకూ చెప్పాడు ఒకసారి. నేను గుండీలు ఏరుతూ తల ఎత్తకుండా "అవునా అన్నా" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ చాయ్ కంటే, ఆయన నా బిళ్లను కళ్లకద్దుకోవడమే నాకు ఎక్కువ రుచి. ఈ ఊళ్లో నాదంటూ ఒకరు కళ్లకద్దుకున్నది ఆ ఒక్కటే కదా అనుకునేదాన్ని.

ఇలా ఏళ్లు గడిచాయి. ఎనభైల చివర్లో పాత బస్టాండు పడగొట్టి కొత్తది కడతారని కబురు వచ్చింది. గల్లీ అంతా సంబరం. సిమెంటు బస్టాండు వస్తే మన గిరాకీ ఎంత పెరుగుతుందోనని హోటలాయన అందరికీ ఆ పూట చాయ్ ఊరికే పోశాడు. రేకుల షెడ్డు దించేశారు. గోడ పునాదికి, మురికి కాల్వకు అని చెప్పి నా దుకాణానికీ హోటలుకూ నడుమ పొడుగునా పెద్ద కందకం తవ్వారు. తవ్విన మట్టి మా గుమ్మాల ముందే పోశారు. బస్సులను ఊరి బయట, కోదాడ వెళ్లే వైపు ఒక ఖాళీ జాగాకు మార్చారు. "జర ఓపిక పట్టున్రి, మీ మంచికే గదా" అని పనివాళ్ల మేస్త్రీ చెప్పి కందకం మీద ఒక చెక్క పలక వేసి పోయాడు. అవతలికి పోవాలంటే దాని మీదే పోవాలి.

అంతే, జనం రావడం ఆగిపోయింది. మట్టికుప్పలెక్కి, దుమ్ము కొట్టుకుని పిన్నీసు కోసం ఎవరొస్తారు? ఊళ్లోవాళ్లు పెద్ద బజారుకు అలవాటు పడ్డారు, ఊరి బయటివాళ్లు బయటనుంచే వెళ్లిపోతున్నారు. పొద్దున్నే తలుపులు తీసి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి అందరం ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్లం. అందరి ఏడుపూ గిరాకీ గురించే. నాకు గిరాకీ ఏడుపుతో పాటు ఇంకోటి ఉండేది. ఆ రోజు పొద్దుటి నుంచి నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని దీపాలు పెట్టే వేళకు గుర్తొచ్చేది. ఒకసారి నా గొంతు నాకే బొంగురుగా వినిపించి, దగ్గి సవరించుకుని, గోడ మీది క్యాలెండరుతో "ఏందే, ఎట్లున్నవ్?" అన్నాను. అని, ఏడ్చాను.

మొదటి బస్సు లేదు కాబట్టి కండక్టరూ రాడు, చాయూ లేదు.

కొన్నాళ్లకు గల్లీలోవాళ్లు ఒక ఉపాయం ఆలోచించారు. నా పక్క దుకాణం ఫోటో స్టూడియో, బస్సు పాసుల ఫోటోలన్నీ అక్కడే దిగేవారు. ఆ స్టూడియో అతను వచ్చి నన్ను కూడా హోటలుకు రమ్మన్నాడు. పలక మీద భయపడుతూ వెళ్లాను. అందరూ బల్లల చుట్టూ కూర్చున్నారు. బయటివాళ్లు రాకపోయినా గల్లీలో ఎవరి గల్లా బోణీ లేకుండా ఉండొద్దని మాట. పొద్దున్నే ఒక్కొక్కరు తన పక్క దుకాణంలో ఏదో ఒకటి కొనాలి. బట్టల కొట్టాయన సంచుల కొట్టులో, సంచులాయన స్టూడియోలో, స్టూడియో అతను నా దగ్గర. నాది ఈ వరసలో చివరి దుకాణం. నా తర్వాత కందకం దాటితే అవతలి వరసలో మొదటిది హోటలే. కాబట్టి హోటలుకు బోణీ నేను చెయ్యాలి. లెక్క ప్రకారం అంతే.

లెక్క నా దగ్గరికి వచ్చేసరికి అందరూ గ్లాసులు చూసుకున్నారు. హోటలాయన గొంతు సవరించుకున్నాడు.

"చెల్లె, నువ్వు దాటుకుంట రావుడు ఎందుకు? పలక ఊగుతది. ఏమన్న అయితే మాకు బదనాం. మా దిక్కు బోణీకి ఫోటో తమ్ముడే వస్తడు. నీకు మాత్రం రోజూ బోణీ అయితది, నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

ఎంత మర్యాదగా చెప్పాడో! పలక ఊగుతుందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లుగా నువ్వు కళ్లకద్దుకున్న బోణీ ఎవరిదనుకున్నవే అన్నా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే ఏమవుతుంది? గల్లా పెట్టె పసుపు నీళ్లతో కడుగుతాడు. ఇన్నాళ్ల నా సంతోషాన్ని నా కళ్ల ముందే కడిగి పారబోస్తాడు. "సరే అన్నా, పలక ఊగుతది నిజమే" అని లేచి, అదే పలక మీద నడిచి వచ్చాను. నేను పడితే పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.

మర్నాటి నుంచి స్టూడియో అతను వచ్చి ఒక పిన్నీసుల కట్ట తీసుకుని పైసలు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి పోయేవాడు. రోజూ పిన్నీసులే. మాట లేదు, మంచి లేదు. దవాఖానలో సూది వేయించుకునేవాడిలా మొహం పెట్టేవాడు. అతని మీద జాలి కూడా వేసింది. ఓ రోజు ఉండబట్టలేక అడిగాను, "ఏం తమ్మీ, ఫోటోలు పిన్నీసులతోటి కుడుతున్నవా ఏంది?" అని. ఫక్కున నవ్వాడు. నవ్వి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. ఆ చూపుతో నాకు విరక్తి పుట్టింది. "రేపటి సంది రాకు. నాకు బోణీ వద్దు" అన్నాను. రానేలేదు. నేనే వద్దన్నాను, మళ్లీ నేనే పొద్దున్నే అతని అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని.

అప్పుడే మా తమ్ముడు కోదాడ నుంచి వచ్చాడు. దుకాణమంతా చూసి, అరల మీద వేలితో గీసి, ఆ వేలు నాకు చూపించాడు. "ఇంకా ఏముందక్కా ఇక్కడ, దుమ్ము తప్ప? మా ఇంటికి వచ్చెయ్. పిల్లల్ని చూసుకుంటా ఉందువు గాని. మిరుగు కార్తె వచ్చాక మొదటి ఆదివారం టెంపో మాట్లాడుకుని వస్తాను. సామాను కట్టి ఉంచు." వాడికి నా మీద ప్రేమే. కానీ ఆ ఇంట్లో నేనెలా ఉంటానో నాకు తెలుసు. వంటింట్లో నాకొక పీట. ఇంట్లో శుభకార్యమైతే వెనక గది. వచ్చినవాళ్లకు నన్ను చూపించి మెల్లగా, "పాపం, ఆడపడుచు" అంటారు. అక్క అని పిలిచి సంచి చేతికిచ్చి నమ్మకంతో వెళ్లిపోయే మనిషి ఆ ఇంటికి ఒక్కరూ రారు. దుకాణం పోతే నేను అనే మనిషిని కూడా దాంతో పాటే పోతాను. అయినా ఆ రోజు, నోరున్న నేను తల ఊపాను.

ఆ తర్వాత నేనొక పిచ్చి పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి, ఒక చేతిసంచి పట్టుకుని, ఊరి బయట బస్సులు ఆగే జాగాకు నడిచి వెళ్లి, ప్రయాణం ఉన్నదానిలా ఆడవాళ్ల నడుమ కూర్చునేదాన్ని. ఎండ, దుమ్ము, చెరుకురసం బండి, అరుపులు. నాకు ప్రాణం లేచొచ్చేది. నిడమనూరు నుంచి వచ్చిన ఒకామె మిర్యాలగూడ బస్సు కోసం చూస్తూ, "అక్కా, జర ఈ సంచి సూడవా, నీళ్లు తాగొస్త" అంది. ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కళ్లు చెమర్చాయి. ఆమె వచ్చి "ఏ ఊరు పోతున్నవ్?" అని అడిగింది. కోదాడ అన్నాను. ఇంతలో కోదాడ బస్సు వచ్చి, నిండి, కదిలిపోయింది.

"అయ్యో, నీ బస్సు పాయె గదా అక్కా!"

"ఇంకోటి వస్తది" అన్నాను.

ఆమె నా మొహం వంక ఒకసారి చూసింది. తన దగ్గరున్న జామకాయ విరిచి సగం నాకిచ్చింది. ఆమె బస్సు వెళ్లిపోయాక కూడా ఆ ముక్క చేతిలోనే ఉంది.

మిరుగు ఇంకా రెండు మూడు రోజులుందనగా అక్కడే కూర్చుని ఉన్నాను. మన కండక్టరు కోదాడ బస్సు ముందు నిలబడి టికెట్లు కొడుతున్నాడు. ఇంతలో సైకిలు మీద హోటలాయన వచ్చాడు! సైకిలుకు సంచి, సంచిలో ఫ్లాస్కు. నేను కొంగు నెత్తి మీదుగా ముందుకు లాక్కుని పక్కామె వీపు చాటుకు జరిగాను. ఆయన నన్ను చూడలేదు. నేరుగా కండక్టరు దగ్గరికి పోయి ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి అందించాడు.

"తమ్మీ, నువ్వు రాకున్నకాడ్నుంచి నా హోటల్ ఖతమైంది. ఎవరెవరితోనో బోణీ చేయిస్తున్న, దేనికీ అచ్చిరాలే. అందుకే చాయే నీ కాడికి తెచ్చిన. నీ చేత్తోటి ఒక్క బిళ్ల ఇయ్యి. నాకు గంతే చాలు."

కండక్టరు చాయ్ తాగి నవ్వాడు. "బాబాయ్, నా చేతిలో ఏం లేదండీ. ఆ డబ్బులు నావి కాదు. ఒక్కరోజు కూడా నావి కాదు."

"మరెవరియి?"

"మీకెదురుగా దారాల కొట్టు అక్కవి. ఆ గ్లాసు కూడా ఆవిడదే. పొద్దున్నే మీ కొట్టుకు రాలేక నాకు ఇచ్చి పంపేది. మీకు తెలుసనుకున్నాను."

హోటలాయన మూత వెనక్కి తీసుకున్నాడు. ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని, దాని అడుగున మిగిలిన చుక్కను చూస్తూ నిలబడ్డాడు. బస్సు కదిలింది. ఆయన సైకిలు ఎక్కడం మరిచి నడిపించుకుంటూ ఊరివైపు పోయాడు. ఎవరితోనూ చెప్పకుండా దాచుకున్న నా ఒక్క సంగతీ బజార్న పడింది. ఇప్పుడు ఆయన గల్లా కడుగుతాడు, కడిగింది చాలక గల్లీకంతా చెబుతాడు అనుకుంటూ చీకటి పడే వేళకు ఇంటికి చేరాను.

మర్నాడు తలుపు సందులోంచి చూశాను. ఆయన పొయ్యి వెలిగించాడు, మొదటి చాయ్ పారబోశాడు, నా దుకాణం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. గల్లా కడిగినట్టు నాకు కనబడలేదు. పొద్దెక్కాక కందకం మీద పలక చప్పుడైంది. వచ్చి నా గుమ్మం ముందు ఆగాడు.

"చెల్లె, గ్లాసు ఉన్నదా?"

"ఏ గ్లాసు?" అన్నాను. నాకూ కోపం ఉంది మరి, ఊరికే ఎలా వదులుతాను?

"గదే, స్టీలుది. డ్రైవర్‌ది అనుకున్న."

"డ్రైవర్‌కు స్టీలు గ్లాసు ఎవరిస్తరే అన్నా?"

ఆయన మట్టికుప్పను కాలితో గెలికాడు. "రేపు పొద్దుగాల్ల నువ్వే రా. నీ చేత్తోటే ఇయ్యి."

"పలక ఊగుతది గద."

"నేను పట్టుకుంట" అన్నాడు. ఆ మాట అంటూ నా మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో పొద్దున పూట కావాలని నా మొహం చూసిన మొదటి గల్లీ మనిషి ఆయనే.

మర్నాడు, శనివారం, తెల్లవారుతుండగా గ్లాసు తీసుకుని బయటికి వచ్చాను. మబ్బు పట్టి ఉంది. ఆయన నిజంగానే అవతలి ఒడ్డున కూలబడి పలకను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. నడిచాను. బిళ్ల ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లకద్దుకున్నాడు, పటానికి చూపించాడు, గల్లాలో వేశాడు. స్టూడియో అతను తలుపు తీస్తూ తీస్తూ అలాగే నిలబడిపోయాడు. హోటలాయన భార్య లోపల గిన్నెలు దబదబా పడేసింది. నేను ఆ బెంచీ మీద కూర్చుని, తలెత్తుకుని, గ్లాసుడు చాయ్ తాగాను.

తాగి ఇవతలికి రాగానే వాన మొదలైంది. మిరుగు వాన, ఆకాశం చిల్లు పడినట్టు. కందకం నిండి మట్టి కుప్పలన్నీ బురదై గల్లీలోకి పారాయి. ఆ రోజు గల్లీలోకి ఒక్క నరమానవుడు రాలేదు. నాది తప్ప హోటల్లో ఒక్క చాయ్ అమ్ముడుపోలేదు. చేసిన పూరీలు అలాగే మెత్తబడ్డాయి. మధ్యాహ్నం సంచుల కొట్టాయన నా దుకాణం ముందు నిలబడి, నాకు వినపడేలా, "ఆ బోణీ ఇట్ల గాక ఎట్లయితది" అన్నాడు. ఇంకోరోజైతే వాడికి జవాబు దొరికేది. ఆ రోజు నాకు నేనే పాపిష్టిదానిలా కనిపించాను. అవును, నా చెయ్యే అంత, చేసిన మేలంతా కండక్టరు చేతిదే అనుకున్నాను. దీపాల వేళ కాకముందే తలుపులు వేసి సామాను మూటలు కట్టడం మొదలుపెట్టాను. రీళ్లు ఒక మూట, రిబ్బన్లు ఒక మూట. మర్నాడు ఆదివారం, తమ్ముడు వచ్చే రోజు.

తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ బస్టాండు పూర్తయింది, కానీ గేటు మా వైపు పెట్టలేదు, అవతలి రోడ్డుకు పెట్టారు. మా ముందు గోడ వచ్చింది. మొదటి బస్సు నా దుకాణం ముందు మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. తొంభైల్లో ఎవరికైనా నా దుకాణం కావాలంటే వెతుక్కుని రావాల్సిందే. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. గోడను చూస్తూ గడిపిన మధ్యాహ్నాలు చాలానే ఉన్నాయి. ఆ ఒంటరితనం పోయిందని నేను అబద్ధం చెప్పను.

కానీ ఆ ఆదివారం పొద్దున నేను మెలకువగానే ఉండి కూడా మంచం దిగలేదు. ఏ మొహం పెట్టుకుని తలుపు తీయను? టెంపో వచ్చేదాకా అలాగే పడుకుందామనుకున్నాను. ఇంకా మసక చీకటిగానే ఉంది. అవతల నుంచి కేక వినిపించింది.

"చెల్లే! ఓ చెల్లే! లేవలేదా ఇంక?"

దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. మళ్లీ కేక. తలుపు ఓరగా తీశాను. హోటలాయన బురదలో మోకాళ్ల మీద కూర్చుని పలక అంచు పట్టుకుని ఉన్నాడు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న ఆవిరి వెనక కనబడుతోంది.

"ఏందే అన్నా?"

"ఏందంటవేంది? బోణీ కాలే."

"నిన్న సూసినవు గదా! ఒక్క మనిషన్న వచ్చిండా? ఎందుకే నీకు ఇంక నా బోణీ?"

"వాన పడితే ఎవడొస్తడు? అది నువ్వు పడగొట్టినవా? మాట్లాడకు. దా జెల్ది, ఎంతసేపు పట్టుకోవాలె, నడుములు పోతున్నయ్."

గ్లాసు మూటలో కట్టేశాను. ఆ మూట విప్పి, గ్లాసు తీసుకుని, పలక దాటాను.

పొద్దెక్కాక మా తమ్ముడు టెంపో గల్లీ మొదట్లో ఆపి, ప్యాంటు పైకి మడుచుకుని బురదలో నడుచుకుంటూ వచ్చాడు. నేను దుకాణంలో నేల మీద కూర్చుని రీళ్లు మళ్లీ అరలో పేరుస్తున్నాను.

"ఇదేంటక్కా, మూటలు ఇంకా కట్టలేదా?"

"కట్టిన. విప్పుతున్న" అన్నాను. "వచ్చినవు గద, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."